చెరువు పుస్తకం వెంట పదకొండేళ్ళు

ఆకివీడులో ఒక చేపల మేత కొట్టుకు అనుబంధంగా నీటి పరీక్షల ల్యాబు ఉండేది. అందులో నేను ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. చదివింది పదో తరగతి. రాసింది ఒకే ఒక్క పుస్తకం, అది కూడా చేపల చెరువుల నీటి గురించి, నూట పన్నెండు పేజీలది. అది మూడుసార్లు అచ్చయింది. ఇప్పటికీ నెలకు కొన్ని కాపీలు పోతున్నాయి.

ఈ మధ్య చిన్న పుస్తకాలు రాసే కుర్రవాళ్ళు మా ఇంటికి వస్తున్నారు. ఒకరు పాడి గేదెల మీద, ఒకరు నీటి మోటార్ల రిపేరు మీద, ఒకమ్మాయి ఇంటి వైద్యం మీద రాశారు. అందరూ అడిగేది ఒకటే. "మాస్టారూ, అచ్చు వేయించాం, సభ పెట్టాం, ఇప్పుడేం చెయ్యాలి?"

రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. చదివించడానికి పదకొండేళ్ళు పట్టింది. ఈ రెండో పని ఉంటుందనే నాకు ముందు తెలియదు. అందులో నేను చేసిన పొరపాట్లు చెబుతాను, పనికొస్తాయనుకున్నవి తీసుకోండి. జీతం ఎంత పెరిగింది, ఎవరు సన్మానం చేశారు అన్నవి ఇక్కడ రాయడం లేదు.

తేదీ చీటీ

మా ఇల్లు తాడేపల్లిగూడెం. ల్యాబులో చేరిన కొత్తలో సెలవు రోజుల్లో అక్కడి శాఖా గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. మొదట దినపత్రికలు, తర్వాత నవలలు, తర్వాత సైన్సు అలమర. చేపల పెంపకం మీద అక్కడ ఇంగ్లీషు పుస్తకాలు రెండున్నాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు ఒక పేజీ చొప్పున చదివాను. మొదటి పుస్తకం పూర్తికావడానికి ఏడాది దాటింది. నీటిలో అమ్మోనియా ఎందుకు పెరుగుతుందో, మబ్బు రోజున చేప ఎందుకు నోరు తెరుచుకుని పైకి వస్తుందో నాకు ఆ బల్ల దగ్గరే తెలిసింది. కాలేజీలో చదివినవాళ్ళతో మాట్లాడేటప్పుడు నేను తగ్గి మాట్లాడాల్సిన అవసరం రాలేదు. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

అక్కడి లైబ్రేరియన్ శారద గారు. నేను పుస్తకం రాస్తున్నానని చెబితే ఆవిడ ఒక నవల తీసి, అట్ట లోపల అంటించిన తేదీ చీటీ చూపించారు. దాని నిండా పుస్తకం తీసుకెళ్ళిన తేదీల ముద్రలే. తర్వాత మరో పుస్తకం తీశారు. దాని చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదు.

"ఈ రెండోది రాసినాయన చాలా గొప్పవారండీ. ఏం లాభం? పదేళ్ళ నుంచి దీని దుమ్ము దులుపుతున్నది నేనొక్కదాన్నే" అన్నారు.

"మరి నన్నేం చెయ్యమంటారండీ?"

"మీ పుస్తకం ఎవరి చేతికెళ్ళిందో రాసి పెట్టుకోండి. పేరు, ఊరు. మా రిజిస్టరులాగా. మీరు మర్చిపోయిన రోజున అది ఎక్కడుందో ఎవరికీ తెలీదు."

నూరు పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాను. ప్రతి కాపీకి ఒక నంబరు వేసి, తీసుకున్నవారి పేరు, ఊరు, ఫోను నంబరు రాయడం మొదలుపెట్టాను. నా పనిలో సరిగ్గా చేసిన మొదటి పని అదే. చాలాకాలం వరకు అదొక్కటే కూడా.

శాలువాల సాయంత్రం

ఏలూరులో ఒక హాలు తీసుకుని ఆవిష్కరణ సభ పెట్టాను. వేదిక మీద ఏడుగురు. ఒక్కొక్కరికి ఒక శాలువా, ఒక గౌరవ ప్రతి. కింద కూర్చున్నవాళ్ళలో సగం మంది వేదిక మీదివాళ్ళ బంధువులు. ఒక వక్త నలభై నిమిషాలు మాట్లాడారు. కొల్లేటి పక్షుల సోయగాన్ని నేను కళ్ళకు కట్టానని మెచ్చుకున్నారు. పుస్తకంలో పక్షి ప్రస్తావన ఒక్కటే ఉంది, అది చేపలు తినకుండా వల ఎలా కట్టాలో చెప్పే చోట.

ఆ సాయంత్రం అరవై కాపీలు ఊరికే పోయాయి. వాటిలో ఒక్కటి కూడా చెరువు గట్టు ఎక్కలేదని తర్వాత తెలిసింది. సభ పెట్టొద్దని నేను చెప్పను. ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. కానీ సభ అయిపోయిందంటే పని అయిపోయిందనుకునేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళ పుస్తకాలు కట్టలు విప్పకుండా మంచాల కిందే ఉన్నాయి.

కొట్టు ముద్ర

మా యజమాని వెంకటరత్నం గారు. మేత వ్యాపారం వాళ్ళ ఇంట్లో మూడు తరాల నుంచి ఉంది. మాట చాలా మెత్తన. సభ అయిన వారానికి నన్ను కొట్టులోకి పిలిచారు.

"మాస్టారూ, మీరు ఊరూరూ తిరిగి అమ్ముకోవడం నాకేం బాగోలేదండీ. నాలుగొందలు నేను తీసుకుంటాను. మన మేత కొన్న రైతుకి ఒకటి ఊరికే ఇద్దాం. అట్ట మీద మన ముద్ర ఒకటి వేసుకుంటాను, అంతే."

నేను పొంగిపోయాను. నాలుగు వందల మంది రైతులు ఒక్కసారిగా! ముద్ర వేసిన పుస్తకాలు మేత బస్తాలతో పాటు లారీలెక్కి వెళ్ళిపోయాయి. ఎవరికి వెళ్ళాయో నోటుబుక్కులో రాయలేదు. గుమస్తాలు ఇస్తున్నారు కదా, ఎక్కడని రాస్తాం అనుకున్నాను.

రెండు నెలల తర్వాత నీటి నమూనా కోసం ఒక చెరువుకు వెళ్ళాను. గట్టు మీద షెడ్డులో నా పుస్తకం కనిపించింది, టీ గ్లాసు కింద. నేనే దాన్ని రాశానని అక్కడి రైతుకు తెలియదు.

"ఆ పుస్తకం ఎలా ఉందండీ?" అని అడిగాను.

"మేత కొట్టోళ్ళదండీ అది. మేత ఎక్కువెయ్యమని రాసుంటారు."

"చదివారా?"

"చదవడం ఎందుకండీ, ముద్ర చూత్తే తెలీదేంటి? మా తోడల్లుడికి అదే కొట్లో క్యాలెండరిచ్చారు. దాంట్లో అయితే తిథులన్నా ఉన్నాయి."

మబ్బు పట్టిన రోజున మేత తగ్గించమని ఇరవై మూడో పేజీలో రాశాను. టీ ఇచ్చారు, తాగి వచ్చేశాను.

ఊరికే వచ్చినదాన్ని ఎవరూ చదవరని కొందరంటారు. అది పూర్తిగా నిజం కాదు. లైబ్రరీలో నేను చదివినవన్నీ ఊరికే చదివినవే. అడగకుండా వచ్చినదాన్ని చదవరు. అమ్మేవాడి ముద్ర ఉన్నదాన్ని నమ్మరు. నా పుస్తకానికి ఈ రెండూ నా చేతులతోనే తగిలించాను.

ఇరవై నిమిషాల బల్ల

అప్పటి నుంచి పని మళ్ళీ మొదటికొచ్చింది. ల్యాబులో నీటి పరీక్షకు ఇరవై నిమిషాలు పడుతుంది. సీసాలో నీళ్ళు తెచ్చిన రైతు అంతసేపూ బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆ బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టేవాణ్ణి, ఆయన చెరువుకు ఆ రోజు కావలసిన పేజీ దగ్గర. కొనమని అనేవాణ్ణి కాదు. కొందరు ఆ పేజీ చదివి ఊరుకునేవారు. కొందరు ముందు పేజీ, వెనక పేజీ తిప్పేవారు. అలా తిప్పినవాళ్ళే తీసుకునేవారు.

నెలకొక ఆదివారం ఒక ఊరు వెళ్ళేవాణ్ణి. నోటుబుక్కులో ఆ ఊరి పేర్లు చూసుకుని ముందుగా ఫోను చేసేవాణ్ణి. కొత్తవాళ్ళకు అమ్మడం కన్నా పాతవాళ్ళను కలవడం ముఖ్యమని నెమ్మదిగా అర్థమైంది. చదివిన మనిషి పక్క చెరువు వాడితో ఒక్క మాట అంటే చాలు, అది నేను చెప్పే పది మాటల కన్నా దూరం వెళ్ళేది.

ఫోనుల్లో గ్రూపులు వచ్చాక అట్ట బొమ్మ రోజూ పెట్టాను. దండాలు, పువ్వులు వచ్చాయి. పుస్తకం అడిగినవాళ్ళు లేరు. తర్వాత అట్ట మానేసి, ఆ వారం ఒక రైతు అడిగిన ప్రశ్న ఒకటి, దానికి జవాబు నాలుగు లైన్లు, పేజీ నంబరు పెట్టడం మొదలుపెట్టాను. అప్పుడు ఫోన్లు వచ్చాయి. ఏలూరులో ఒక పుస్తక ప్రదర్శనలో మూడు రోజులు బల్ల వేసుకుని కూర్చున్నాను. అక్కడ నన్ను ఎక్కువమంది అడిగింది జాతకాల పుస్తకాలు ఎటువైపని.

మూడో ఏడు విసుగొచ్చి ఆరు నెలలు మానేశాను. ఎక్కడికీ వెళ్ళలేదు, ఏమీ పెట్టలేదు. మళ్ళీ మొదలుపెట్టి ఒకాయనకు ఫోను చేస్తే, "అయ్యబాబోయ్, ఉన్నారాండీ! మీరు పోయారనుకున్నామండీ" అన్నాడు. వాళ్ళావిడ వెనక నుంచి, "అదేం మాటండీ, పెద్దాయన్ని పట్టుకుని" అని కసిరింది. పుస్తకం రాసినవాడు కనిపించకపోతే పాఠకుడి లెక్క అలాగే ఉంటుంది. తప్పు పట్టను.

ఐదో ఏడు మొదటి ముద్రణ అయిపోయింది. తణుకులో ప్రెస్సు నడిపే సుబ్బారావు గారి దగ్గరే రెండోసారి ఐదు వందలు వేయించాను. అవి ఇంటికి చేరిన వారంలోనే పెదపాడు నుంచి ఫోను వచ్చింది.

నలభై ఒకటో పేజీ

ఉదయం ఎనిమిది గంటలు అయి ఉంటుంది.

"ఏవండీ, చెరువు పుస్తకం రాసినోరేనాండీ?"

"అవునండీ, చెప్పండి."

"నేను పెదపాడు అవతల నుంచండి, ముత్యాలరావుని. చేపకి పేను పట్టిందండి. మీ నలభై ఒకటో పేజీ ప్రకారం నిన్న పొద్దున్న మందు కొట్టానండి. ఇయ్యాల చేప తేలిపోయిందండి. ఇప్పుడు ఏ పేజీ చూడమంటారు?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. కొత్త నీళ్ళు పెట్టమని, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఉన్నవన్నీ తిప్పమని చెప్పి, బస్సెక్కి మధ్యాహ్నానికి చేరాను. చేప పేను అనేది ఒంటికి అంటుకుని రక్తం పీల్చే చిన్న పురుగు. దాన్ని చంపే మందు మోతాదు మించితే చేపనే చంపుతుంది. ఆ సంగతి పుస్తకంలో లావు నల్ల అక్షరాల్లో రాశాను.

గట్టు వెంట బొచ్చె చేపలు, శీలావతులు తెల్లగా పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఇద్దరు మనుషులు పడవలో తిరుగుతూ ఏరుతున్నారు. చేప పట్టి అమ్మే పట్టుబడికి ఇంకా ఇరవై రోజులే ఉందట. నాలుగో వంతు చేప పోయిందని చివరికి తేలింది. ముత్యాలరావు నలభై ఏళ్ళ మనిషి. చెరువు కౌలుది. పుస్తకం లుంగీ మడతలోంచి తీసి ఆ పేజీ చూపించాడు. ఎకరానికి ఇంత అని రాసి ఉంది. దాని కింద పెన్సిలుతో పది పెట్టి హెచ్చవేశాడు. హెచ్చవేత సరిగ్గానే ఉంది.

"పది ఎకరాలేనా?" అన్నాను.

"లీజు కాయితం చూపించమంటారా?"

అప్పుడు నా చూపు గట్టు మీద పడింది. చేపల లారీలు వెళ్ళడానికి వీలుగా పోసిన వెడల్పాటి గట్టు. రెండు వైపులా అలాంటివే. మా ప్రాంతంలో చెరువు కౌలుకిచ్చేటప్పుడు గట్టుతో కలిపే ఎకరాలు లెక్కపెడతారు. రైతు నోట పదెకరాలంటే గట్లు కలిపి పదెకరాలని అర్థం. మందు కలిసేది నీళ్ళలో. నేను లైబ్రరీలో చదివిన ఇంగ్లీషు పుస్తకాల్లో ఎకరమంటే నీరున్న ఎకరం.

తాడు తెప్పించి ఇద్దరం కొలిచాం. నీళ్ళ మీద ఎనిమిది ఎకరాలే వచ్చింది. వెదురు గడ దింపి చూస్తే లోతు నాలుగడుగులు. ఐదడుగుల నీళ్ళుంటాయన్న లెక్కతో నేను మోతాదు రాశాను, ఆ మాట పేజీలో ఎక్కడా రాయలేదు. రెండూ కలిపితే ముత్యాలరావు కొట్టిన మందు కొట్టవలసిన దానికి ఒకటిన్నర రెట్లు.

ల్యాబులో ఎవరు మందు అడిగినా, "నీళ్ళ మీద ఎన్ని ఎకరాలు, లోతెంత?" అని అడిగి తగ్గించి చెప్పేవాణ్ణి. ఇరవై ఏళ్ళ అలవాటు. ఎంత అలవాటంటే, అది చెప్పవలసిన సంగతి అని రాసేటప్పుడు తోచనేలేదు. మనకు బాగా వచ్చిన పని మీద పుస్తకం రాసేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నోటితో రోజూ అనే మాటే కాగితం మీద జారిపోతుంది.

"తప్పు నాదేనండీ" అన్నాను.

ముత్యాలరావు పడవ వైపు చూశాడు. తర్వాత, "నా చేప ఎలాగూ పోయింది, దాని గురించి ఇప్పుడు మిమ్మల్నేం అనను. ఈ పుస్తకాలు ఇంకెన్ని చెరువుల దగ్గరున్నాయండీ?" అన్నాడు.

నోటుబుక్కులో ఐదు వందల పైచిలుకు పేర్లున్నాయి. ముద్ర వేసి పంచిన నాలుగు వందలు ఎక్కడున్నాయో నాకు తెలియదు. అది వేసవి మొదలు, చేపకు పేను పట్టే కాలం. చెరువుల్లో నీళ్ళు తగ్గే కాలం కూడా అదే. ఆ మాటే చెప్పాను.

"తెలీదంటే ఎలాగండీ మరి? ఇయ్యాల సాయంత్రం ఇంకోడు ఆ పేజీ తీత్తే?"

చీటీలు

మర్నాడు వెంకటరత్నం గారికి సంగతి చెప్పాను. ఆయన తలుపు దగ్గరకు వేయించి కూర్చోబెట్టారు.

"అతను గట్లు కలిపి లెక్కేసుకున్నాడు. అది అతని పొరపాటండీ. మీరు ఎకరమని రాశారు, ఎకరం ఎకరమేగా."

"మన ఊళ్ళలో కాదండీ. ఆ సంగతి నాకు తెలుసు, మీకూ తెలుసు."

"తెలిసినంత మాత్రాన దండోరా వెయ్యాలాండీ? వచ్చే వారం ఏలూరులో రైతుల సమావేశం ఉంది. మీ పుస్తకం గురించి చెప్పించడానికి నేనే మాట్లాడి పెట్టాను. అక్కడికెళ్ళి చేపలు పోయాయని చెబుతారా?"

నేను తణుకు వెళ్ళి సుబ్బారావు గారి చేత చీటీలు కొట్టించాను. అరచేతంత కాగితం. "నలభై ఒకటో పేజీలో ఎకరమంటే గట్టు తీసేసి, నీళ్ళున్నంత మేరే. లోతు ఐదడుగులుంటేనే ఈ మోతాదు. తక్కువుంటే మందూ తగ్గించాలి. కొలవకుండా కొట్టకండి. ఇది నేను రాయకపోవడం నా తప్పు." కింద నా పేరు, ఫోను నంబరు.

కొత్త ముద్రణ కాపీలన్నిటికీ మా ఆవిడా నేనూ కూర్చుని అంటించాం. నోటుబుక్కు తీసి మొదటి పేరు నుంచి ఫోన్లు చేశాను. రోజుకు యాభై. ఎత్తనివాళ్ళ ఊళ్ళకు బస్సులో వెళ్ళాను. ఆ పదిహేను రోజుల్లో కొందరు తిట్టారు. ఎక్కువమంది, "పేజీ తీసి పెట్టుకున్నానండీ, చెప్పండి, రాసుకుంటాను" అన్నారు. ఇద్దరు మాత్రం అప్పటికే మందు తెచ్చి గట్టు మీద పెట్టుకుని ఉన్నారు. ఆ ఇద్దరి పేర్లు నోటుబుక్కులో లేకపోయి ఉంటే ఏం జరిగేదో తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ముద్ర వేసిన పుస్తకాలకు వేరే దారి లేదు. పొద్దున్నే మేత బస్తాలు లారీలకెక్కే వేళకు కొట్టు ముందు నిలబడి, వచ్చిన ప్రతి రైతుకూ చీటీ ఇచ్చాను. మూడో రోజున వెంకటరత్నం గారు బయటికి వచ్చారు.

"నా కొట్టు ముందు నిలబడి, నా ముద్రున్న పుస్తకం తప్పని చెబుతున్నారా మాస్టారూ?"

"ముద్ర మీదేనండీ. తప్పు మాత్రం నాది."

"జనం అలా విడదీసి చూడరండీ."

"నిజమేనండీ. నాలుగొందలూ మీకిచ్చిన రోజునే నేనది ఆలోచించుకోవలసింది."

ఆ రోజుతో నా ఉద్యోగం ఆగింది. అరవై నిండడానికి ఇంకా ఏడాది ఉంది. ఆయన్ని చెడ్డవాడని అనను. నెల తిరగకుండానే ఆయనే గుమస్తాలతో ప్రతి బస్తాకూ ఒక చీటీ కట్టించారు. ఇంకో చెరువు పోతే కొట్టు పేరు పోతుందని భయం. భయంతో చేసినా ఆ పని సరైనదే. నేనొక్కణ్ణే నిలబడి ఉంటే అందులో పదో వంతు కూడా చేరేది కాదు.

ఏలూరు సమావేశం

సమావేశానికి వెళ్ళాను. వెళ్ళేముందు ముత్యాలరావుకు ఫోను చేసి చెప్పాను. "వత్తానండీ. మీరు చెబుతారో లేదో చూద్దామని" అన్నాడు.

నా వంతు రాగానే పుస్తకం గొప్పలేవీ చెప్పలేదు. నలభై ఒకటో పేజీ తీసి చదివాను. అందులో ఏం తప్పుందో, దానివల్ల ఏం జరిగిందో చెప్పాను. అధ్యక్షుడు రెండుసార్లు గడియారం చూశారు. ముందు వరసలో తెల్ల చొక్కా ఆయన లేచారు.

"ఒక పేజీ తప్పయినప్పుడు మిగతా నూట పదకొండు పేజీలు ఎలా నమ్మాలండీ?"

"నమ్మక్కర్లేదండీ. ఒక్కో పేజీ మీ చెరువు పక్కన పెట్టి చూసుకోండి. తేడా వస్తే ఫోను చెయ్యండి. నంబరు చివర ఉంది."

"అయితే పుస్తకమెందుకు, ఫోను నంబరొక్కటీ అచ్చేస్తే పోయేది కదండీ?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు సద్దుమణగకముందే వెనక గోడ దగ్గర నుంచి ముత్యాలరావు గొంతు వినిపించింది.

"ఆ పోయిన చేపలు నావేనండీ. ఈయన చెప్పకపోతే నేను చెబుదామని వచ్చాను. చెప్పేశారు. ఇంక నాకిక్కడ పని లేదు."

అని బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఒక్క పుస్తకం కూడా అమ్ముడవలేదు. వంద తీసుకెళ్ళి వంద వెనక్కి తెచ్చాను. కానీ గుమ్మం దగ్గర చీటీలు అడిగి తీసుకున్నారు. "మా బావమరిది దగ్గర కొట్టు ముద్రది ఉందండీ, ఇంకోటివ్వండి" అంటూ రెండేసి, మూడేసి. నేను ఎక్కడున్నాయో తెలియదనుకున్న పుస్తకాలు వాళ్ళ బావమరుదుల దగ్గర, వియ్యంకుల దగ్గర ఉన్నాయి. టీ గ్లాసుల కిందున్నవి ఆ వేసవిలో బయటికొచ్చాయి. తప్పున్న పేజీ ఎలా ఉందో చూద్దామనే తెరిచినవాళ్ళు చాలామంది. తెరిచాక కొందరు మిగతావి కూడా చదివారు.

దీన్ని చూసి, తప్పు చేసి ఒప్పుకుంటే పుస్తకం అమ్ముడవుతుందని ఒక కుర్రవాడు నాతో అన్నాడు. అలా అనుకోవద్దు. దానికి ఒక మనిషి పంటలో నాలుగో వంతు పోయింది. ఆ ధరకు ఏ ప్రచారమూ కొనదగ్గది కాదు.

మూడో ముద్రణ

ఆ తర్వాత అదే బల్ల పని, అదే ఆదివారం ఊళ్ళు. ఉద్యోగం లేదు కాబట్టి బల్ల మా ఇంటి వసారాలోకి మారింది. రెండో ముద్రణ అయిపోవడానికి ఐదేళ్ళు పట్టింది. మూడోసారి అచ్చుకు ఇచ్చేముందు ప్రూఫులు పట్టుకుని పెదపాడు వెళ్ళాను. ముత్యాలరావు అప్పటికి అదే చెరువులో మూడు పంటలు తీశాడు.

"నన్నెందుకండీ చదవమంటారు? నేను ఎనిమిది చదివాను."

"నేను పది చదివాను. పెద్ద తేడా లేదు, చదవండి."

పది రోజులు ఉంచుకున్నాడు. పదమూడు చోట్ల పెన్సిలు గీతలు పెట్టాడు. పక్కన ఏమీ రాయలేదు, గీతలు మాత్రమే. ఒక్కొక్కటీ చూపించి అడిగితే చెప్పాడు. "ఈ మాట మాకు తెలీదండీ." "ఇక్కడ పొద్దున్నంటే ఎప్పుడండీ, తెల్లారాకా, టిఫిను తిన్నాకా?" నలభై ఒకటో పేజీ దగ్గర మాత్రం గీత లేదు, పేజీ మొత్తం కొట్టేసి ఉంది.

"చీటీలో మాటలన్నీ ఇందులో చేర్చానుగా?" అన్నాను.

"చేర్చారండీ. కానీ ఎవడూ చదవడు. పేను పట్టి చేప గెంతుతుంటే అంకె కోసమే చూత్తాడు. ఈ పేజీకి ముందు ఒక కాయితం ఖాళీగా వదిలెయ్యండి. నీళ్ళ మీద ఎన్నెకరాలు, లోతెంత, రెండే గీతలు. అది రాసుకున్నాకే తర్వాత పేజీకి వెళ్ళమనండి."

సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. "ఖాళీ పేజీకి కాగితం దండగండీ. చూసినవాళ్ళు అచ్చు పడలేదనుకుని నన్ను తిడతారు" అన్నారు. రెండు గీతలున్నాయి కదా, అచ్చు పడినట్టే అని నచ్చజెప్పాను. ముందుమాటలో ముత్యాలరావు పేరు వేస్తానంటే అతను కూడా ఒప్పుకోలేదు. "చేపలు పోయినోడిగా నన్ను పుస్తకానికెక్కించకండి బాబూ" అన్నాడు. ఆ ముద్రణలో అతని పేరు లేదు. ఇక్కడ కూడా వేరే పేరు పెట్టి రాశాను.

మూడో ముద్రణ బయటికొచ్చిన మొదటి వేసవిలో, కైకలూరు వైపు నుంచి ఒకావిడ ఫోను చేసింది.

"ఏవండీ, మా చేపకి పేను పట్టిందండి. మీ ఖాళీ కాయితం చూసి, తాడేసి నేనే కొలిచానండి. ఎనిమిదింబావు వచ్చింది. ఈయనేమో పదెకరాలంటారు. కాత్త మీరు చెప్పండి ఈయనకి."

వెనక నుంచి మగ గొంతు, "పదని లీజు కాయితంలో ఉందే!" అని వినిపిస్తోంది. ఫోను ఆయన చేతికిచ్చింది.

"నమస్కారమండీ. పదెకరాల చెరువేనండీ మాది."

"మీ ఆవిడ ఆ గీత మీద ఎంతని రాశారండీ?"

"ఎనిమిదింబావు. అదీ పెన్నుతో."

"మరి మందు ఎంతకి కలిపారు?"

అవతల ఏరేటర్ల చప్పుడు వినిపించింది.

"ఎనిమిదింబావుకేనండీ" అన్నాడాయన. "రాసేసింది కదా, ఇంకేం చేత్తాం."